తన దేహమే ప్రయోగశాల

కురుక్షేత్ర సంగ్రామం చివరి దినాన, సైన్యమంతా నశించిన పిమ్మట, దుర్యోధనుడు ద్వైపాయన హ్రదంలో ప్రవేశించి, జలస్తంభన విద్యతో నీటి అడుగున దాగి ఉన్నాడని భారతకథ. నీటిలో మునిగి ఉండి కూడా నేలమీద ఉన్నట్లే ఊపిరి తీయగలగడం మానవుని చిరకాల స్వప్నం. ఆ విద్య ఆధునిక కాలంలో మంత్రబలంతో గాక యంత్రబలంతో సమకూడింది. అయితే అది ఊరక సమకూడలేదు. దాని వెనుక కొందరు తమ ఊపిరినే పణంగా పెట్టారు. వారిలో ఒకరి శరీరం చివరకు మన కాకినాడకు చేరింది. ఆయనే జె.బి.ఎస్. హాల్డేన్.

రేపల్లెకు దిగువన, కృష్ణానది సముద్రంలో కలిసే చోటికి చేరువలో ఉన్న అడవులదీవి, నిజాంపట్నం ప్రాంతాలలో నీరు ఒండ్రుతో నిండి మసకగా ఉంటుంది. అటువంటి చోట నీటి అడుగుకు వెళ్ళడమంటే గజ ఈతగాడు ఒక్క గుక్క ఊపిరి బిగబట్టి మునిగి తేలడమే. తీరం వెంబడి ఈశాన్యంగా సాగి విశాఖపట్నం చేరితే మరొక దృశ్యం కనిపిస్తుంది. నగరానికి సమీపంలోని రుషికొండ తీరం నుండి, శిక్షణ పొంది ధ్రువపత్రం సంపాదించిన డైవర్లు ఒక మార్గదర్శి వెంట ఉదయాన పడవలో బయలుదేరి, సముద్రగర్భాన్ని దర్శించి, పగటివేళలోనే తిరిగి వస్తారు. దీనినే స్కూబా డైవింగ్ అంటారు. వీపున గాలి నింపిన సిలిండరు, నోట ఊపిరి గొట్టం, మణికట్టున చేతిగడియారం వంటి చిన్న కంప్యూటరు వారి సామగ్రి.

నీటిలో దిగకముందే మార్గదర్శి కొన్ని నియమాలు గుర్తు చేస్తాడు. ఎంత లోతుకు పోవాలో, ఆ లోతున ఎంతసేపు ఉండాలో ముందే నిశ్చయించుకోవాలి. పైకి వచ్చేటప్పుడు తొందరపడరాదు. ఉపరితలానికి ఇంకా 5 మీటర్ల దూరం ఉందనగా సుమారు 3 నిమిషాలు ఆగాలి. ఒకే దినాన రెండు మూడుసార్లు మునిగినవారు కనీసం 18 గంటలు గడిచేవరకు విమానం ఎక్కరాదు. విశాఖకు విహారానికి వచ్చినవారు ఆ సాయంత్రమే అరకు లోయకు ఘాట్ రోడ్డు ఎక్కాలనుకుంటే, ఆ ముచ్చట కూడా మరునాటికి వాయిదా వేసుకోవాలి. సముద్రంలో మునిగినవానికి కొండ ఎక్కడం ఎందుకు నిషిద్ధమో వినేవారికి వింతగా తోచవచ్చు.

గోళీ సోడా తాగిన వారెవరికైనా దీని కారణం సులభంగా బోధపడుతుంది. సీసాలో ఒత్తిడి ఉన్నంతసేపు వాయువు నీటిలో కరిగి, కంటికి కనబడకుండా ఉంటుంది. గోళీని లోపలికి నొక్కగానే ఒత్తిడి సడలి, కరిగి ఉన్న వాయువు ఒక్కసారిగా బుడగలై పొంగుతుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. నేలమీద మనపై ఉన్నది ఒక వాతావరణ పీడనం కాగా, 30 మీటర్ల లోతున అది నాలుగు రెట్లవుతుంది. ఆ లోతున ఊపిరితిత్తులలోకి పోయే గాలి కూడా అంత ఒత్తిడితోనే పోవాలి. గాలిలో సుమారు ఐదింట నాలుగు వంతులు నత్రజని. అది దేహానికి ఉపయోగపడదు. రక్తంలోనూ కొవ్వులోనూ కరిగి ఊరకే ఉంటుంది. మనిషి మెల్లగా పైకి వస్తే, వచ్చిన దారినే ఊపిరి ద్వారా వెళ్ళిపోతుంది. తొందరపడి పైకి వస్తే దేహమే గోళీ సోడా అవుతుంది. ఆ బుడగలు కీళ్ళలో చేరితే భరింపరాని నొప్పి, వెన్నుపాములో చేరితే పక్షవాతం, గుండెలో చేరితే మరణం. ఒక్క గుక్క ఊపిరితో మునిగే గజ ఈతగానికి సాధారణంగా ఈ బాధ లేదు. నీటి అడుగున అతడు కొత్త గాలి పీల్చడు కనుక.

పంతొమ్మిదో శతాబ్దంలో నదులలో వంతెనల పునాదులు తవ్విన కార్మికులు, ముత్యాల కోసమూ స్పాంజీల కోసమూ మునిగిన డైవర్లు ఈ వ్యాధితో కుంటివారయ్యారు, మరణించారు. దాని కారణం నత్రజని అని ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త పాల్ బేర్ 1878లో నిరూపించారు. కానీ ఎంత లోతునుండి ఎంత వేగంతో పైకి రావాలన్న లెక్కను ఎవరూ కట్టలేకపోయారు. ఆ లెక్క కట్టినవారు జాన్ స్కాట్ హాల్డేన్. మన కథానాయకుని తండ్రి.

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ 1892 నవంబరు 5న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ నగరంలో జన్మించారు. ఇంటివారు జాక్ అని పిలిచేవారు. తల్లి లూయిసా కాత్లీన్. చెల్లెలు నయోమి తరువాతి కాలంలో ప్రసిద్ధ నవలా రచయిత్రి అయింది. తండ్రి శరీరధర్మ శాస్త్రజ్ఞుడు. గాలి నాణ్యతను పరిశీలించడం ఆయన వృత్తి. బొగ్గుగనులలోకి, మురుగు కాలువలలోకి, ఇరుకైన పేదల ఇళ్ళలోకి స్వయంగా వెళ్ళి అక్కడి గాలిని పీల్చి చూసేవారు. గనులలోని విషవాయువును పసిగట్టడానికి చిన్న పక్షులను వెంట తీసుకుపోవాలని సూచించినది కూడా ఆయనే. ఆ తండ్రి ఒడిలో జాక్ శాస్త్రాన్ని పాలతోపాటు తాగాడు. పసితనాన నుదుటికి గాయమై రక్తం కారుతుంటే, అందులోని వర్ణకం ఏ వాయువుతో కలిసి ఉందని అడిగాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ నిజమైనా కాకపోయినా, ఆ ఇంటి వాతావరణం మాత్రం అటువంటిదే.

తండ్రి బోధనాపద్ధతి ఈనాటి తల్లిదండ్రులకు గుండె దడ పుట్టించేది. ఒకసారి కుమారుని స్టాఫర్డ్‌షైర్‌లోని ఒక గనిలోకి తీసుకువెళ్ళి, పైకప్పు కింద మీథేన్ వాయువు పేరుకున్న చోట నిలబెట్టి, షేక్‌స్పియర్ నాటకంలోని ఆంటోనీ ప్రసంగాన్ని అప్పజెప్పమన్నారు. కొన్ని పంక్తులైనా పూర్తి కాకముందే బాలునికి ఊపిరాడక కాళ్ళు తేలిపోయి కిందపడ్డాడు. నేలపై గాలి బాగానే ఉన్నందున తేరుకున్నాడు. మీథేన్ గాలికంటె తేలిక అన్న పాఠం ఆ బాలునికి ఆజన్మాంతం గుర్తుండిపోయింది.

బ్రిటిష్ నౌకాదళం తన డైవర్లు తరచు వ్యాధిగ్రస్తులవుతుండడంతో 1905లో ఒక సంఘాన్ని నియమించి, ఆ భారాన్ని జాన్ స్కాట్ హాల్డేన్‌కు అప్పగించింది. ఆయన లండన్‌లోని లిస్టర్ పరిశోధనాలయంలో ఒక పెద్ద ఉక్కు గదిలో మేకలను ఉంచి, గాలి ఒత్తిడిని పెంచి తగ్గిస్తూ వాటి తీరును గమనించారు. నొప్పి పుట్టిన మేక ముందుకాలు పైకెత్తి నిలబడేది. నోరులేని జీవాలు ఆ విధంగా జవాబు చెప్పాయి. ఎంతసేపు ఉంచినా, రెండు వాతావరణ పీడనాల నుండి ఒకటికి దించితే వాటికి హాని కలగడం లేదని తేలింది. అంటే ఒత్తిడిని సగానికి తగ్గించవచ్చు. నాలుగు నుండి రెండుకు, ఆరు నుండి మూడుకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. కాబట్టి డైవరు మొదట సగం ఒత్తిడి గల లోతు వరకు త్వరగానే వచ్చి, ఆపైన మజిలీలు చేస్తూ, ఒక్కొక్క మజిలీలో కొంతసేపు ఆగుతూ రావాలి. దేహంలోని భాగాలన్నీ ఒకే వేగంతో నత్రజనిని పీల్చుకోవు, వదలవు. రక్తం వేగం, కొవ్వు ఆలస్యం. అందుచేత ఆయన దేహాన్ని ఐదు రకాల కణజాలాలుగా ఊహించి, ఒక్కొక్కదానికి వేరుగా కాలం లెక్కకట్టి పట్టికలు తయారుచేశారు. బాయ్‌కాట్, డమంట్ అనే సహచరులతో కలిసి 1908లో వాటిని ప్రకటించారు. నేటి డైవరు మణికట్టున ఉండే కంప్యూటరు ఎన్నో సవరణలతో చేసేది, మూలంలో ఈ లెక్కే.

మేకలపై నిలిచిన సిద్ధాంతం మనుష్యులపై కూడా నిలుస్తుందో లేదో సముద్రంలోనే తేలాలి. 1906 వేసవిలో స్కాట్లండు తీరాన రోత్‌సే సమీపంలో స్పాంకర్ అనే ఓడనుండి డమంట్, కాటో అనే ఇద్దరు నౌకాదళ డైవర్లు 35 బారల లోతుకు, అనగా 64 మీటర్లకు దిగి, కొత్త పద్ధతిలో మజిలీలు చేస్తూ క్షేమంగా పైకి వచ్చారు. ఆ ఓడమీద జాక్ కూడా ఉన్నాడు. అప్పటికి అతనికి పదమూడేళ్ళు. తండ్రి అతనికీ డైవింగ్ దుస్తులు తొడిగి నీటిలోకి దింపారు. పెద్దవారి కొలతలకు కుట్టిన ఆ దుస్తులలోకి మణికట్ల దగ్గర నీరు చొరబడింది. బాలుడు బెదరలేదు. గాలి మరను సరిచేసుకుంటూ, నీరు ముఖం దాకా రాకుండా చూసుకుని, నిర్ణీత సమయం అడుగున గడిపి పైకి వచ్చాడు. పితృవాత్సల్యం, శాస్త్రజిజ్ఞాస పోటీపడిన చోట ఆ ఇంట ఎప్పుడూ జిజ్ఞాసదే పైచేయి. దానిని మెచ్చుకోవాలో, తప్పుపట్టాలో చెప్పడం కష్టం. ఒక్కటి మాత్రం గమనింపదగినది. తండ్రి తాను పీల్చని గాలిని కుమారుని చేత పీల్పించలేదు.

ఈటన్ పాఠశాలలో చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో గణితమూ, ఆపైన గ్రీకు, లాటిన్ సాహిత్యాలూ అభ్యసించిన జాక్ హాల్డేన్‌కు విజ్ఞానశాస్త్రంలో పట్టమంటూ లేదు. ఇది విద్యార్థులు ఆశ్చర్యపోదగిన విషయం. మొదటి ప్రపంచయుద్ధంలో ఆయన సైన్యాధికారిగా పనిచేశారు. 1915 ఏప్రిల్‌లో జర్మన్లు ఈప్ర వద్ద క్లోరిన్ వాయువును ప్రయోగించినపుడు, దానికి విరుగుడు కనుగొనడానికి ప్రభుత్వం తండ్రిని పంపింది. తండ్రి యుద్ధరంగంలో ఉన్న కుమారుని పిలిపించారు. వాయువు నిండిన గదిలో ముఖతొడుగులు ధరించి ఒకసారి, లేకుండా ఒకసారి తండ్రీకొడుకులు, వారి మిత్రులు పరీక్షకు నిలిచారు. సరిగా ఊపిరాడని స్థితిలోనే జాక్ తిరిగి కందకాలకు వెళ్ళి గాయపడ్డారు. తరువాత మెసపొటేమియాలో మళ్ళీ గాయపడి, కోలుకోవడానికి భారతదేశం వచ్చారు. ఈ దేశంపై ఆయన మనసు పడింది అప్పుడే.

యుద్ధానంతరం ఆయన ఆక్స్‌ఫర్డ్‌లోను, కేంబ్రిడ్జిలోను, 1933 నుండి లండన్ యూనివర్సిటీ కాలేజీలోను బోధించారు. ప్రకృతివరణం ఏ వేగంతో పనిచేస్తుందో గణితంతో నిరూపించిన ముగ్గురిలో ఆయన ఒకరు. తక్కిన ఇద్దరు ఫిషర్, రైట్. 1932లో వెలువడిన ఆయన పరిణామ గ్రంథం ఆ శాస్త్రానికి మూలస్తంభాలలో ఒకటి. పిల్లలకోసం కథలు, సామాన్యులకోసం పత్రికావ్యాసాలు కూడా ఆయన విరివిగా రాశారు. ఇవన్నీ వేరుగా చెప్పుకోవలసిన విషయాలు. పుస్తకాల మధ్య ఉన్నా తండ్రి నేర్పిన అలవాటు మాత్రం పోలేదు. రక్తంలో ఆమ్లం పెరిగితే శ్వాస ఎలా మారుతుందో తెలుసుకోవడానికి ఆయన నీటిలో కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం తాగి చూశారు. అది చాలదని అమ్మోనియం క్లోరైడు తాగి, కొన్ని దినాలు రొప్పుతూ గడిపారు. కుందేలుకు తలనొప్పి వస్తే అది చెప్పలేదు, మనిషి చెప్పగలడు అన్నది ఆయన వాదం.

1939 జూన్ 1న థెటిస్ అనే కొత్త బ్రిటిష్ జలాంతర్గామి లివర్‌పూల్ సమీపంలో పరీక్షార్థం మునిగి, మరి తేలలేదు. టార్పెడో గొట్టపు వెనుక తలుపు తెరచినపుడు ముందు మూత కూడా తెరచి ఉండడంతో సముద్రం లోనికి దూసుకువచ్చింది. ఓడలో నావికులతోపాటు నౌకానిర్మాణ కార్మికులూ ఉన్నారు. మొత్తం 103 మందిలో నలుగురే బయటపడ్డారు. తక్కిన 99 మంది మరణించారు. ఓడ తోక భాగం గంటల తరబడి నీటిపైన కనబడుతూనే ఉంది. చూసేవారు చూస్తుండగానే లోపలి గాలి చెడిపోయింది. తప్పించుకునే ద్వారం ఉన్నా, ఊపిరి పరికరాలు ఉన్నా అంతమంది ఎందుకు బయటపడలేకపోయారన్నది అందరినీ వేధించిన ప్రశ్న.

కార్మిక సంఘాలు హాల్డేన్‌ను ఆశ్రయించాయి. ఆయన స్పెయిన్ అంతర్యుద్ధంలో పోరాడి వచ్చిన నలుగురు మిత్రులను తోడుచేసుకుని, డైవింగ్ పరికరాలు తయారుచేసే సీబ్ గోర్మన్ సంస్థలోని ఉక్కు గదిలో ప్రవేశించారు. తలుపు మూసి, తాము వదిలిన ఊపిరినే మళ్ళీ పీలుస్తూ కూర్చున్నారు. బొగ్గుపులుసు వాయువు పెరిగేకొద్దీ రొప్పు, తలనొప్పి, వాంతి, మతిభ్రమ. ఆ స్థితిలో ఒక మర తిప్పడం, ఒక పరికరం తగిలించుకోవడం కూడా ఎంత దుష్కరమో వారికి స్వానుభవంతో తెలిసింది. ఓడలోనివారు ధైర్యం లేక చావలేదు, గాలి వారి బుద్ధిని ముందే హరించింది. ఆయన విచారణ సంఘం ఎదుట ఆ సంగతి వివరించారు. చనిపోయినవారి కుటుంబాలకు ఈ వివరణ ప్రాణాలు తిరిగి ఇవ్వదు. కానీ మృతులపై పడే నింద తొలగింది.

ఆ సంవత్సరమే రెండవ ప్రపంచయుద్ధం మొదలయింది. మునిగిన జలాంతర్గాముల నుండి నావికులు తప్పించుకొనే మార్గాలను, చిన్న జలాంతర్గాములలో పనిచేసేవారు ఎంత ఒత్తిడికి తట్టుకోగలరో పరిశీలించే పనిని నౌకాదళం ఆయనకు అప్పగించింది. సహచరుడు మార్టిన్ కేస్, తరువాత ఆయన భార్య అయిన హెలెన్ స్పర్వే, స్పెయిన్ మాజీ ప్రధాని నెగ్రిన్ వంటివారు స్వచ్ఛందంగా ఆయనతోపాటు ఉక్కు గదిలో కూర్చున్నారు. పది వాతావరణ పీడనాల కింద, అంటే 90 మీటర్ల లోతుతో సమానమైన ఒత్తిడిలో, చిన్న ఇనుప గుళ్ళను చిమటాతో పట్టుకుని రంధ్రాలలో వేయడం, కూడికలు గుణకారాలు చేయడం పరీక్ష. గొప్ప గణితవేత్తలే చిన్న లెక్కలలో తడబడ్డారు. నత్రజని ఆ లోతున కల్లులా పనిచేస్తుంది. కొందరు కారణం లేకుండా నవ్వారు, కొందరు నిరాశతో కుంగిపోయారు. మంచుముక్కలు తేలే నీటిలో కూర్చుని కూడా ఆయన ఈ పరీక్షలు చేసుకున్నారు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది ప్రాణవాయువు. పేరులోనే ప్రాణం ఉన్న ఆ వాయువు లోతున ప్రాణాంతకమవుతుంది. ఒత్తిడితో స్వచ్ఛమైన ఆమ్లజనిని పీల్చితే ముందుగా హెచ్చరిక లేకుండా మూర్ఛ వస్తుంది. సాధారణంగా రుచి లేనిదని చెప్పుకునే ఆ వాయువుకు అధిక పీడనంలో పులుపు, తీపి కలిసిన రుచి ఉందని ఆయన గమనించారు. ఏ లోతువరకు, ఎంతసేపు దానిని పీల్చవచ్చునో తెలియాలంటే ఎవరో ఒకరు మూర్ఛపోయేదాకా పీల్చాలి. హాల్డేన్, హెలెన్ ఇద్దరూ ఆ మూర్ఛలకు గురి అయ్యారు. అటువంటి ఒక మూర్ఛలో ఆయన వెన్నుపూసలు నలిగాయి. ఆ నొప్పి జీవితాంతం వెంట ఉంది. ఒత్తిడి మార్పులకు చెవి కర్ణభేరికి రంధ్రం పడగా, పొగతాగి ఆ పొగను చెవినుండి వదిలి మిత్రులకు వినోదం కలిగించేవారు. దేవతల కోసం వెన్నెముకను ఇచ్చిన దధీచి కథ మనవారికి తెలియనిది కాదు. అయితే దధీచి చెవులతో పొగ వదిలి నవ్వించాడని పురాణంలో లేదు. తన బాధను తాను పరిహాసం చేసుకోగల గుణం హాల్డేన్‌కు ప్రత్యేకం. నేడు సముద్రంలో స్వచ్ఛమైన ఆమ్లజనిని సుమారు 6 మీటర్ల లోతు దాటి వాడరాదన్న నియమం అటువంటి ప్రయోగాల బాటలో ఏర్పడినదే.

ఇన్ని వాయువులను స్వయంగా పరీక్షించి గాని నమ్మని ఈ మహావ్యక్తి, రాజకీయాలలో మాత్రం పరీక్షించకుండా నమ్మారు. ఆయన కమ్యూనిస్టు. సోవియట్ రష్యాలో లైసెంకో జన్యుశాస్త్రాన్ని అణచివేసి, వావిలోవ్ వంటి మహాశాస్త్రజ్ఞుడు 1943లో చెరసాలలో మరణించిన తరువాత కూడా ఆయన చాలాకాలం పార్టీని బహిరంగంగా ఖండించలేదు. జన్యుశాస్త్రంలో అగ్రగణ్యుడైన వానికి అది తగని మౌనం. 1950 ప్రాంతంలో ఆయన పార్టీకి దూరమయ్యారు. ఆ జాప్యాన్ని ఆయన అభిమానులు కూడా సమర్థించలేరు.

1957లో హాల్డేన్, హెలెన్ దంపతులు ఇంగ్లండును వదిలి కలకత్తాలో మహలనోబిస్ స్థాపించిన భారత గణాంక సంస్థలో చేరారు. అంతకుముందు సంవత్సరం సూయజ్ కాలువ విషయంలో బ్రిటన్ జరిపిన దాడిపట్ల నిరసన అందుకు ఒక కారణంగా ఆయన చెప్పుకున్నారు. అరవై ఏళ్ళు మేజోళ్ళు తొడిగింది చాలునని చమత్కరించేవారు కూడా. ఆయన మాంసాహారం మాని, లాల్చీ ధరించి, 1961లో భారత పౌరసత్వం స్వీకరించారు. ఖరీదైన పరికరాలు లేవని వాపోయే యువకులకు, పొలాలలోని మొక్కలను, పురుగులను, పక్షులను లెక్కపెట్టమని ఆయన బోధించారు. కళ్ళు, కాగితం, ఓపిక ఉంటే ఈ దేశంలో జీవశాస్త్రం సాగుతుందని ఆయన నమ్మకం.

ఆ విధంగా ఆయన దగ్గర చేరిన శిష్యులలో పిఠాపురంలో జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. లాంటానా పొదలపై ఏ రంగు పువ్వుమీద ఏ సీతాకోకచిలుక వాలుతుందో ఆయన రోజుల తరబడి గమనించి లెక్కకట్టారు. ఆంధ్రదేశంలో మేనమామ, మేనకోడళ్ళ వివాహాల గురించి మీరాఖాన్‌తో కలిసి 1960లో పరిశోధన ప్రకటించారు. పెళ్ళి సంబంధాల మాటల్లో మనకు అతి మామూలుగా వినిపించే మేనరికం, హాల్డేన్ శిష్యులకు జన్యుశాస్త్రపు అపూర్వ గ్రంథమైంది. కృష్ణారావు తరువాత అమెరికాలో స్థిరపడి, గురువు జీవితచరిత్ర రాశారు. 2020లో మరణించారు.

కలకత్తా సంస్థతో పొసగక 1961లో రాజీనామా చేసిన హాల్డేన్, మరుసటి సంవత్సరం ఒడిశా ప్రభుత్వ ఆహ్వానంపై భువనేశ్వర్ చేరి, అక్కడ జన్యుశాస్త్ర ప్రయోగశాలను నెలకొల్పారు. దాని పనులు ఒక కొలిక్కి రాకముందే పెద్దపేగు చివరి భాగంలో క్యాన్సర్ బయటపడింది. లండన్‌లో శస్త్రచికిత్స జరిగింది. ఆసుపత్రి మంచంమీద పడుకుని ఆయన తన వ్యాధిమీదనే ఒక హాస్యకవిత రాశారు. వ్యాధి లక్షణాలు కనిపించగానే సిగ్గుపడక వైద్యుని దగ్గరకు వెళ్ళండని చెప్పడం దాని ఉద్దేశం. కొందరు పాఠకులు ఎబ్బెట్టుగా భావించినా, ఆయన లెక్కచేయలేదు. తన మరణానంతరం ప్రసారం చేయడానికి తన సంస్మరణ ప్రసంగాన్ని కూడా తానే బి.బి.సి.కి ముందుగా చెప్పి ఉంచారు. 1964 డిసెంబరు 1న ఆయన భువనేశ్వర్‌లో కన్నుమూశారు.

ఆయన వీలునామాలో ఒక అంశం అప్పటి మనవారికి వింతగా తోచినది. తన దేహాన్ని దహనం గాని ఖననం గాని చేయకుండా, కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు ఇవ్వాలని ఆయన కోరారు. ఆ కళాశాల స్థాపించి అప్పటికి ఆరేళ్ళే. 1958లో మొదలైన కొత్త సంస్థకు బోధన కోసం మృతదేహాలు అవసరం. శరీరదానమన్న మాటే అరుదుగా వినిపించే రోజులు అవి. బతికి ఉండగా తన దేహం పరిశోధనకు ఎలాగూ ఉపయోగపడింది గనుక, చనిపోయిన తరువాత తనకు అక్కరలేని దానిని ఇతరులు వాడుకోవాలని, దానిని చెడకుండా శీతలీకరించడానికి అయ్యే వ్యయం తన ఆస్తినుండి మొదట చెల్లించాలని ఆయన రాసి ఉంచారు.

ఆ కోరిక ప్రకారం దేహం భువనేశ్వర్ నుండి కాకినాడకు చేరింది. హెలెన్ ఇంగ్లండుకు తిరిగి వెళ్ళలేదు. భారతదేశంలోనే పరిశోధన కొనసాగించి, 1978లో హైదరాబాదులో మరణించారు. రంగరాయ వైద్య కళాశాలలో ఆ పరిశోధకుని పేరిట ప్రదర్శనశాల ఏర్పడింది. పదమూడో ఏట స్కాట్లండు సముద్రంలో నీరు కారే దుస్తులతో దిగిన బాలుని ఎముకలను మన తూర్పు తీరాన ఆ కళాశాల భద్రపరచింది.